చిల్లర లేదట, వక్కపొడి తీసుకోవాలట!

విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ కిరాణా కొట్టాయనతో గొడవపడి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఐదో క్లాసు చదివే మావాణ్ణి పాల ప్యాకెట్టుకి పంపితే, చిల్లర లేదని చేతిలో రెండు తీపి వక్కపొడి ప్యాకెట్లు పెట్టాడు. వీడు ఒకటి నములుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. వెళ్ళి అడిగితే ఏమంటాడో తెలుసా? "ఉత్త వక్కే కదండీ, పొగాకు లేదు కదా!"

ఓహో, పొగాకు లేకపోతే అమృతం కాబోలు! ఉత్త వక్కతోనే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చి, క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి మొదటి గ్రూపులో, పొగాకు పక్కనే దీన్నీ పెట్టింది. వక్కలో ఉండే అరెకోలిన్ మెదడులో నికోటిన్ పనిచేసే చోటే పనిచేస్తుంది. ఒకసారి పట్టుకుంటే వదలనిది అందుకే.

గాజువాకలో మా బావ ఉన్నాడు. సిగరెట్ ముట్టని బుద్ధిమంతుడు! నైట్ డ్యూటీలో నిద్ర రాకుండా వక్కపొడి మాత్రం వేసుకునేవాడు. మామూలుగా నోట్లో మూడు వేళ్ళు నిలువునా పట్టాలి, ఆయనకి ఒక్కటే పడుతోంది. మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఇప్పుడు చారన్నం మెత్తగా పిసికి చిన్న చెంచాతో పళ్ళ సందులోంచి లోపలికి తోసుకుంటాడు. కాస్త కారం తగిలినా కళ్ళనీళ్ళే. బుగ్గ లోపలంతా తెల్లగా గట్టిపడిపోయింది, మానేసినా మునుపటిలా కాదని డాక్టరు చెప్పేశాడు. అయినా చొక్కాలు ఉతకబోతే జేబులో ప్యాకెట్లు దొరుకుతున్నాయని అక్క ఏడుస్తోంది.

గుట్కా బ్యాన్ చేశారట, మహా గొప్ప! పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఇంకో ప్యాకెట్, రెండూ బడ్డీ కొట్టుకి తోరణాల్లా వేలాడుతుంటాయి. కలుపుకునే శ్రమ ఒక్కటే మనది.

ఇప్పుడో పెద్దాయన వచ్చి తాంబూలం మన సంప్రదాయం అంటాడు. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చడం కూడా మన ఉత్తరాంధ్ర పల్లెల సంప్రదాయమే సార్, దాంతో ఎందరికో అంగిట్లో క్యాన్సర్లు వచ్చాయి. అదీ నిలబెడదామా?

ఈ సంప్రదాయ పరులు మా అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. లిఫ్ట్ మూలంతా ఎర్రటి మరకలు. ఉమ్మకుండా అసోసియేషన్ వాళ్ళు దేవుడి టైల్స్ అతికించారు. ఇప్పుడు దేవుడికి జానెడు పక్కన ఉమ్ముతున్నారు, ఎంత భక్తో! మా తులసి కుండీ నీళ్ళు కింది బాల్కనీలో రెండు చుక్కలు పడ్డాయని నాకు నోటీసిచ్చిన సెక్రటరీగారికి ఆ మూల మాత్రం కనబడదు. ఎలా కనబడుతుంది? మీటింగులో నోరు విప్పాలంటే ముందు ఆయనే వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తాలి. ఈ నెల మెయింటెనెన్స్‌లో మళ్ళీ "లిఫ్ట్ పెయింటింగ్" అని వేశారు. నేను కట్టను. ఇంకో నోటీసు ఇచ్చుకోమనండి.