లైబ్రరీ డేటాబేసులు దండగ అంటున్న సందేశానికి జవాబు

ప్రాజెక్టు రిపోర్టుల గడువు దగ్గరపడిందంటే చాలు, నల్లగొండ, పాలమూరు డిగ్రీ కళాశాలల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. లైబ్రరీ డేటాబేసులు (పరిశోధన వ్యాసాలను వెతికి చదువుకునే ఆన్‌లైన్ భాండారాలు) పీహెచ్‌డీ వాళ్లకు తప్ప పనికిరావని, గూగుల్లో దొరకనిది లేదని, తెలుగు విషయాలు అక్కడ ఉండవని, వాటికి డబ్బు కట్టాలని, ఏఐని అడిగితే రిఫరెన్సులతో సహా రిపోర్టు నిమిషంలో వస్తుందని దాని సారాంశం. పాఠాలు చెప్పే మిత్రులు సైతం దీన్ని పంపుతుండటం వల్లనే ఈ జవాబు రాయవలసి వచ్చింది.

బీఎస్సీ విద్యార్థికి మన నల్లగొండ జిల్లా తాగునీటిలోని ఫ్లోరైడ్ సమస్య మీద ప్రాజెక్టు ఇచ్చేది మనమే. దాని మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన పీహెచ్‌డీ వాళ్లకే పరిమితమని చెప్పేదీ మనమేనా? ఇక పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ మంచి సాధనమే కానీ, అది చూపిన వ్యాసం పూర్తి పాఠం తెరుచుకోవాలంటే చాలాసార్లు లైబ్రరీ చందాయే కావాలి. తెలుగు విషయంలో విదేశీ డేటాబేసులు పేదవే. అయితే భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలున్న సంగతి ఆ సందేశం రాసినవారు ఒక్కసారైనా చూశారా?

అసలు హాని చేసేది ఏఐ రిఫరెన్సుల మాట. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌నే తీసుకుందాం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే ఈ పద్ధతిలో, ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్‌తో పాటు క్షారత మీద కూడా ఆధారపడుతుంది కనుక అన్ని ఊళ్లకూ ఒకే మోతాదు ఉండదు. చాట్‌బాట్ ఒకే అంకె చెప్పి, దానికి ఆధారంగా రచయిత పేరు, జర్నల్ సంపుటి, పేజీ సంఖ్యలతో సహా అసలు ఉనికిలోనే లేని వ్యాసాన్ని చూపగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు ఇలాంటి కల్పిత తీర్పులను నమ్మి కోర్టుకు సమర్పించినందుకు 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. వృత్తిలో పండినవారే మోసపోయిన చోట ఇరవై ఏళ్ల పిల్లలను నిమిషంలో అయిపోతుందని తోలడం ఏ గురువు చేయవలసిన పని? వ్యాసం శీర్షికను డేటాబేసులో వెతికితే అది ఉన్నదీ లేనిదీ వెంటనే తేలుతుంది. ఉన్నా సరే, తెరిచి పట్టికలు చదవకపోతే అందులో లేని మాటను దానికి అంటగట్టే ప్రమాదం ఉంటుంది. మన జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు వంగిపోయిన మనుషుల గురించి రాసే రిపోర్టులో కల్పిత ఆధారం ఉంటే, నేను దాన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేను.

డబ్బు మాటకు వస్తే, కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. విద్యార్థి జేబులోంచి ఒక్క రూపాయి పోదు. అయితే ఇక్కడ ఆ సందేశంలో నిజం ఉందని ఒప్పుకోవాలి. ఈ పథకం ప్రైవేటు కళాశాలలను కలుపుకోలేదు, మన జిల్లాల్లో వాటిలో చదివే పిల్లలు తక్కువేమీ కాదు. వారి కోపం న్యాయమైనది, ప్రభుత్వమే దానికి జవాబు చెప్పాలి. ఆలోగా శోధ్‌గంగ, వైద్య, జీవశాస్త్ర వ్యాసాలను ఉచితంగా ఇచ్చే పబ్‌మెడ్ సెంట్రల్, ఉచిత జర్నళ్ల సూచిక అయిన డీఓఏజే ఏ పాస్‌వర్డూ అడగవు కనుక, ఆ విద్యార్థులకు మొదటి సెమిస్టరులోనే లైబ్రరీ గంటలో వాటిని తెరిచి వెతకడం నేర్పాలి.