ప్లాన్ పాసయింది సరే, బిల్డింగ్ బాగుందా?

బెంగళూరులో ఫ్లాటు కొనే మన తెలుగువాళ్లు అడిగేవి వాస్తు, యూడీఎస్ (స్థలంలో మన వాటా), కావేరి నీళ్లు, బ్యాంకు లోను. ప్లాన్ శాంక్షన్ చేసే ఆఫీసు చూసేవి ఎఫ్ఏఆర్ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క), సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, పార్కింగ్. ఆ బిల్డింగ్ లేచాక ముందున్న వీధి ఏమైపోతుందన్నది ఎవరికీ పట్టదు.

పణత్తూరు వైపు వెళ్లి ఏదైనా కొత్త అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాసేపు నిలబడండి. కార్ల ర్యాంపు ఫుట్‌పాత్‌ను మింగేసి ఉంటుంది. పిల్లాణ్ణి స్కూలు బస్సు ఎక్కించడానికి వచ్చిన తల్లి అక్కడ రోడ్డు మీదికి దిగి, లారీలను తప్పించుకుని, ర్యాంపు దాటాక మళ్లీ పైకెక్కాలి. ఆ తర్వాత చివరిదాకా నిలువెత్తు కాంపౌండు గోడే. ఒక్క కొట్టు ఉండదు, ఒక్క చెట్టు నీడ ఉండదు. వీటిలో చాలావాటికి ప్లాన్ కాగితంలో గడే లేదు.

ఇలాంటివి చూడటానికే బ్రిటన్‌లో డిజైన్ రివ్యూ ప్యానెళ్లు ఉన్నాయి. 1999లో వచ్చిన కేబ్ అనే సంస్థ, భవనాల డిజైన్‌పై ప్రభుత్వానికి సలహా ఇచ్చేది, వీటికి ఊపు తెచ్చింది. 2011లో దాన్ని డిజైన్ కౌన్సిల్‌లో కలిపేసినా పద్ధతి మాత్రం నిలిచింది. ప్రాజెక్టుతో సంబంధం లేని ఆర్కిటెక్టులు, ల్యాండ్‌స్కేప్, రవాణా నిపుణులు సైటు చూసి, డిజైనర్‌తో కూర్చుని, తమ అభిప్రాయం ఉత్తరంగా రాసిస్తారు. అది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. కానీ పర్మిషన్ ఇచ్చేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. డ్రాయింగులు ఇంకా పచ్చిగా ఉండగానే ఈ పని జరగాలి. అంతా ఖాయమయ్యాక అడిగితే, శుభలేఖలు పంచాక ముహూర్తం మార్చమన్నట్టే.

మన దేశంలోనూ ఢిల్లీకి 1973 చట్టంతో, నగర నిర్మాణాల రూపురేఖలపై సలహా ఇచ్చే అర్బన్ ఆర్ట్ కమిషన్ వచ్చింది. బెంగళూరుకూ ఒకప్పుడు అలాంటిదే ఉండేది, దాన్ని ఎత్తేశారు. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా దాదాపు 1,800 కోట్ల స్టీల్ ఫ్లైఓవర్ కడతామన్నప్పుడు, 800కు పైగా చెట్లు పోతాయని జనమే 'బేడ' (కన్నడంలో 'వద్దు') అంటూ రోడ్డెక్కాల్సి వచ్చింది. 2017 మార్చిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ముందే ఒక ప్యానెల్ ఆ డ్రాయింగులు చూసి, రాసింది అందరి ముందూ పెట్టి ఉంటే వ్యవహారం అంతదాకా వచ్చేది కాదేమో.

బెంగళూరులోనూ అలాంటి ప్యానెల్ పెడదామంటే, ఇంకో కమిటీ అంటే ఇంకో టేబులు, ఇంకో కవరు అని బిల్డర్లు అంటారు. ఆ భయం ఉత్తిదేం కాదు. అందుకే ప్యానెల్‌కు ఆపే అధికారం వద్దు, ఎత్తిచూపే అధికారం చాలు. గడువు పెట్టాలి, ఉత్తరం వెబ్‌సైట్లో పెట్టాలి, ప్యానెల్ సభ్యుల ఫీజు కార్పొరేషన్ ద్వారానే అందాలి. గాజు అద్దాలు నచ్చాయా లేదా అన్న చర్చలోకి దిగితే మాత్రం ప్యానెల్ పని చెడినట్టే.

ఏ ప్రాజెక్టులు చూడాలన్నదానికి గీత ఇప్పటికే ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ గీతే దీనికీ వాడొచ్చు. అయితే మొదటి ఏడాది ప్రైవేటు బిల్డర్ల జోలికి పోకుండా ఫ్లైఓవర్లు, మెట్రో స్టేషన్లు, బెంగళూరులో 2025లో ఏర్పడ్డ అయిదు కార్పొరేషన్లు కట్టుకునే ఆఫీసులనే ప్యానెల్ ముందు పెట్టాలి.