మహారాజశ్రీ 'కియూసో' బోర్డు గారికి

రిమినీ, ఇటలీ సముద్రపు ఒడ్డు.

అయ్యా,

నేను బొలోన్యాలో చదువుకుంటున్న తెలుగు కుర్రాణ్ని. రెండు పరీక్షల మధ్య సంక్రాంతి సోమవారం పడితే, పొద్దున్నే రైలెక్కి తమరి ఊరొచ్చాను. జనవరిలో అన్నీ చవక అన్నారు. నిజమే, జాతర అయిపోయిన మర్నాడు జీళ్లూ చవకే.

స్టేషన్ దాటి బీచి వైపు నడిచిన దగ్గర్నించీ తమరి దర్శనమే. హోటల్ గేటుకి తమరు, ఐస్‌క్రీం కొట్టుకి తమరు. 'కియూసో' అంటే 'మూసేశాం'. ఆ ఒక్క ఇటాలియన్ మాట నాకిప్పుడు నిద్దట్లోనూ వస్తుంది. ఒకచోట తమరి కింద కాగితం అంటించి 'పాస్క్వాకి కలుద్దాం' అని పెన్నుతో రాశారు. వానకి సిరా కారి సగం అక్షరాలు చెరిగిపోయాయి. పాస్క్వా అంటే ఈస్టరు. అప్పటిదాకా నేనెక్కడ కూర్చోవాలో మాత్రం రాయలేదు.

సముద్రాన్నైతే మూయలేరు కదా అని పోతే, దానికీ అడ్డం కట్టారు! చలికాలం అలలు వచ్చి స్నానాల గదుల మీద పడకుండా ఇసుకని ఎత్తుగా కట్ట పోశారు. అవతల ఏడ్రియాటిక్ చప్పుడు వినబడుతుంది, కనబడదు. బూట్లనిండా ఇసుకతో కట్టెక్కాను. 15 కిలోమీటర్ల బీచిలో నేనూ, ఒక పెద్దాయనా, ఆయన కుక్కా. వేసవిలో ఇక్కడ మొదటి వరస గొడుగు కింద పడుకోవాలంటే వెనక వరసకంటే ఎక్కువ కట్టాలి. నేను మొదటి వరసలో ఊరికే కూర్చున్నా. గొడుగు లేదు, కుర్చీ లేదు, కాసేపటికి చెవులు ఉన్నాయో లేవో కూడా తెలీలేదు. అప్పుడే అమ్మ వీడియో కాల్. "బీచి అన్నావు, జనమేర్రా?"

"కియూసో అమ్మా."

మ్యూజియానికి పోతే సోమవారం సెలవు. అది నా బుద్ధితక్కువ, తమరిననను.

తమరు మెడలో వేలాడని మొగాడు ఊళ్లో ఒక్కడే, టిబేరియస్ వంతెన. క్రీ.శ. 14లో రోమన్ చక్రవర్తి అగస్టస్ మొదలుపెట్టాడు, 21లో టిబేరియస్ పూర్తి చేయించాడు. రెండువేల ఏళ్లుగా పండక్కి కూడా సెలవు పెట్టని ప్రభుత్వోద్యోగి! అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాను. మరేం చెయ్యను?

వంతెన దాటాక ఒక పియదీనా కొట్టు. పియదీనా అంటే మైదాతో చేసి పెనం మీద కాల్చే పల్చటి రొట్టె. మధ్యలో మెత్తటి చీజూ, ఆకూ పెట్టి మడిచిస్తారు. కొట్టావిడ నన్ను లోపలికి రానిచ్చి, నా వెనకే గాజు తలుపుకున్న తమర్ని తిప్పింది. అప్పుడు చూశాను తమరి వీపు. 'అపెర్తో' అని ఉంది. తెరిచే ఉంది, నాకు.

బయట ముగ్గురు తమరి ముందు ఆగారు. చదివారు. గాజులోంచి నా రొట్టె వంక చూశారు. నేను తలెత్తలేదు. నెమ్మదిగా నమిలాను.

ఇట్లు,
లోపలి గిరాకీ