గుర్రాన్ని డాక్టరును చేయొద్దు

రోడ్డు మీద టైరు పేలినా ఉలిక్కిపడతారు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. కౌన్సెలర్ ఎదుట కూర్చోబెడితే పెదవి విప్పరు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇలాంటి సైనికుల కోసం అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వారు గుర్రాలను రంగంలోకి దించారు. ఒకనాటి మేటి రేసు గుర్రం ‘మ్యాన్ ఓ వార్’ పేరే ఆ పరిశోధనకూ పెట్టారు. వారానికోసారి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు. స్వారీ లేదు. గుర్రానికి బ్రష్షుతో మాలీషు చేయడం, పగ్గం పట్టి నడిపించడం, అంతే. పక్కన మానసిక నిపుణుడు, గుర్రాల సంగతి తెలిసిన మనిషి తప్పక ఉంటారు. చేరిన 63 మందిలో సగానికి పైగా బాగా తేరుకున్నారని, మూడు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉందని 2021లో ప్రకటించారు.

ఇందులో మాయ ఏమీ లేదు. అడవిలో క్రూరమృగాలకు ఆహారమయ్యే జంతువు గుర్రం. ఎదుటివాడి ఒంటి తీరు కనిపెట్టకపోతే దానికి బతుకే లేదు. మనిషి దవడ బిగించి, భుజాలు పైకెత్తి దగ్గరికొస్తే చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరుగుతుంది. అతనే ఓ నిట్టూర్పు విడిచి నెమ్మదిస్తే, తల దించి ముట్టెతో చేతిని వాసన చూస్తుంది. తన టెన్షన్ తనకే తెలియని మనిషికి గుర్రం అలా చూపిస్తుంది. ‘రౌతు కొద్దీ గుర్రం’ అని మన పెద్దలు ఏనాడో అన్నారు.

అయితే ఆ పరిశోధనలో ఒక లోటుంది. గుర్రం లేకుండా అన్ని వారాలూ గడిపిన మరో బృందంతో పోల్చి చూడలేదు. ఆరుబయట, తనలాంటి నలుగురితో కలిసి గడిపిన మనిషికి మేలు చేసింది గుర్రమా, స్నేహమా, చల్లగాలా? 2014లో కొందరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను జల్లెడ పట్టి, ఈ చికిత్సను ప్రచారం చేసేంత ఆధారం లేదని తేల్చేశారు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. డెన్మార్క్ స్వారీ క్రీడాకారిణి లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకింది. మోకాళ్ల కింద పట్టు లేదు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాలి. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలకు ఊపునిచ్చింది ఆ పతకమే. కానీ అది కండరాల కథ. దాన్ని చూపించి డిప్రెషన్‌కు మందు అమ్ముతామంటే కుదరదు.

మన సంగతి వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుందని ఎంతమందికి తెలుసు? ఇలాంటి చోట గుర్రం సర్కారీ వైద్యంలోకి రావడం మాట అటుంచండి, డబ్బున్న ఇంటి ముచ్చటగానే మిగులుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా, ఖర్చంతా ఫీజులోకే ఎక్కుతుంది. ఆటిజం ఉన్న బిడ్డను చంకనేసుకుని ఊరూరూ తిరిగే తల్లికి ‘గుర్రంతో నయమైపోతుంది’ అని చెబితే ఆమె అప్పు చేసైనా కడుతుంది. మా అభ్యంతరమల్లా ఆ ‘నయం’ అన్న మాట మీదే.

నచ్చితే వెళ్లవచ్చు. పిల్లాడు గుర్రం జూలు నిమిరి నవ్వితే అదీ లాభమే. డాక్టరు రాసిన మందులు, స్పీచ్ థెరపీ మాత్రం ఆపకూడదు. ఫీజు కట్టే ముందు రెండు సంగతులు కనుక్కోవాలి. పక్కన నిలబడే మనిషి అర్హత ఉన్న సైకాలజిస్టా, లేక స్వారీ నేర్పే మాస్టారేనా? ఆ గుర్రం నిన్న రాత్రి ఏ బారాత్‌లో, ఏ డీజే హోరులో నిలబడి వచ్చింది?