దీపం ఒకటి, స్విచ్‌లు పదహారు

నిన్న అనంతపురంలో, టవర్ క్లాక్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక ఫంక్షన్ హాలులో చిన్న పరిశ్రమలవాళ్ళ కోసం వర్క్‌షాపు ఉందంటే రుసుము కట్టి మరీ వెళ్ళాను. మాది వేరుశనగ పట్టీల వ్యాపారం. పాకం పట్టడం, పరచడం, కోయడం అంతా చేత్తోనే. కోత యంత్రం కొనాలని ఎప్పటి నుంచో ఉంది. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ వస్తుందని, మన చేతి నుంచి కనీసం 10 శాతం పెట్టుకోవాలని తెలుసు. ఏ కాగితాలు పట్టుకుని వెళ్తే బ్యాంకులో తల ఎత్తి చూస్తారన్నదే తెలియదు. అది చెబుతారని ఆశ.

స్వాగతాలు, శాలువాలు అయ్యాయి. జ్యోతి ప్రజ్వలన దగ్గర బండి ఆగింది.

మే నెల. హాలులో ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. వేదిక మీద ఇత్తడి దీపస్తంభం, దానికి అయిదు వత్తులు. దాని చుట్టూ పెద్దమనుషులు ఆరుగురు. (ప్రాజెక్టు వ్యయం అంచనా వేయడం ఎలాగో ఆ రోజు మాకు నేర్పబోయేది ఈ లెక్క వేసినవారే.) ముఖ్య అతిథి కొవ్వొత్తిని వత్తి దగ్గరికి తెచ్చారు. ఆరిపోయింది. వెలిగించారు, మళ్ళీ ఆరిపోయింది. అగ్గిపెట్టె ఖాళీ అయింది. "ఎవరి దగ్గరైనా లైటరు ఉందా?" అని మైకులో అడిగారు. ఆ క్షణాన హాలులో అందరూ పొగతాగడం మానేశారు. చివరికి, పక్కన కొడుకును కూర్చోబెట్టుకున్న ఒక పెద్దాయన లేచి, "ఇది నాది కాదు" అంటూ జేబులోంచి తీసి ఇచ్చాడు.

లైటరు దొరికినా గాలి అలాగే ఉంది. నిర్వాహకుడి చూపు హాలంతా తిరిగి, గోడ పక్క కుర్చీలో ఉన్న నా మీద ఆగింది. నా తల పైనే స్విచ్ బోర్డు. "బాబూ, ఆ ఫ్యాన్లు ఆపు."

లేచి చూశాను. నాలుగు వరసలు, వరసకు నాలుగు స్విచ్‌లు. ఏది దేనిదో ఎక్కడా రాసి లేదు. ఒకదాని మీద నల్ల టేపు అంటించి ఉంది. ఇంకొకదాని పక్కన వేంకటేశ్వరస్వామి స్టిక్కరు. మొదటిది నొక్కితే వేదిక మీద లైట్లు పోయాయి. "అది కాదు బాబూ!" రెండోది నొక్కితే వెనక వంటశాలలో ఎవరో గట్టిగా అరిచారు. మూడోదానికి మైకు పోయింది. ఇక "అది కాదు" కూడా వినపడలేదు, వేదిక మీద ఏడెనిమిది చేతులు మాత్రం ఊగాయి. ఊపేవారు వద్దంటున్నారో, త్వరగా కానిమ్మంటున్నారో పోల్చుకోలేం. నాలుగోదానికి ప్రొజెక్టర్ ఆగింది. ల్యాప్‌టాప్ ముందున్న కుర్రాడు నన్ను చూసిన చూపు మా అప్పులవాళ్ళు కూడా ఎన్నడూ చూడలేదు. అయిదోది ఏం చేసిందో నాకూ తెలియదు, హాలు యజమానికీ తెలియదు. ఇక దైవమే దిక్కని స్టిక్కరు పక్కది నొక్కాను. ఫ్యాన్లు ఆగాయి.

అయిదుగురు అయిదు వత్తులు వెలిగించారు. ఆరో ఆయన, వెలుగుతున్న వత్తికే కొవ్వొత్తి ఆనించి కెమెరా వైపు తిరిగి నవ్వారు. "ఇంకోసారి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఇంకోసారి నవ్వారు.

"ఫ్యాన్లు వేసేదా?" అని అడిగాను. "ఆగు బాబూ, దీపం ఆరితే అపశకునం" అన్నారు. ఆ శకునం కోసం హాలు మొత్తం ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేదాకా చెమటలో నానింది. ఆయన కారు కదలగానే ఫ్యాన్లు వేయమన్నారు. దీపం ఆరింది. ఎవరూ అటు చూడలేదు.

అప్పటి నుంచి నేను ఆ హాలు ఎలక్ట్రీషియన్ని. మైకు కీచుమంటే నన్నే చూస్తారు. నిర్వాహకుడు నా ఫోను నంబరు కూడా రాసుకున్నారు. ఇంతలో వక్త తెర మీద ఒక పట్టిక చూపించారు: సూక్ష్మ పరిశ్రమకు పెట్టుబడి పరిమితి కోటి, టర్నోవరు 5 కోట్లు. 2025 ఏప్రిల్ 1 నుంచి అవి రెండున్నర కోట్లు, 10 కోట్లు అయ్యాయి కదా అని చెయ్యెత్తాను. ఆయన ఆగి, "ఏం బాబూ, మళ్ళీ కరెంటు తీసేస్తున్నావా?" అన్నారు. హాలంతా నవ్వింది. పట్టిక అలాగే ఉంది.

ఇలాంటి కార్యక్రమం పండాలంటే ఆరుగురు అతిథులు అక్కర్లేదు. ఈ ఊళ్ళోనే అప్పు తెచ్చుకుని పిండి మిల్లో పచ్చళ్ళ యూనిటో పెట్టిన ఒకావిడను పిలిచి, ఆవిడ ఫైలును పేజీ పేజీ చూపిస్తే చాలు. యంత్రం కొటేషన్ ఎలా తెచ్చుకుంది, బ్యాంకువాళ్ళు ఎక్కడ కొర్రీ వేశారు, దానికి ఏం జవాబిచ్చింది. చిన్న పరిశ్రమలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం నమోదుకు పైసా కట్టనక్కర్లేదన్న ఒక్క ముక్క చెప్పినా, నా పక్కన కూర్చున్న అప్పడాల వ్యాపారి దళారికి ఇచ్చే డబ్బు మిగిలేది. నేను చెప్పాను. ఎలక్ట్రీషియన్ మాట కదా, నమ్మలేదు.

ప్రశ్నల సమయాన్ని సమయాభావం మింగేసింది. సదస్సు విజయవంతమైందని రాసిన కాగితాలు విలేకరులకు అప్పటికే అందాయి.

భోజనాల దగ్గర కూపన్లు తీసుకునే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "అతిథులు అయ్యాక సిబ్బందికి అన్నా." మెడలోని బ్యాడ్జీ చూపించాను. తిప్పి చదివి, "ఇది ఎవరిది?" అన్నాడు. రుసుము రసీదు ఇంట్లో ఉంది. నా వంతు వచ్చేసరికి ఓళిగలు అయిపోయాయి, చారు మిగిలింది.

రాత్రి నిర్వాహకుడు ఫోను చేశారు. వచ్చే నెల హిందూపురంలో ఇంకో సదస్సు ఉందట. హాలు పెద్దదట, స్విచ్‌లు ఎక్కువట. "రోజుకు ఎంత తీసుకుంటావు?" అన్నారు. వెయ్యి అన్నాను. ఎనిమిది వందల దగ్గర ఆగి బేరమాడుతున్నారు.