ఫ్రీజర్ కబ్జాదారు మంచుగడ్డ గారికి

అయ్యా,

కాకినాడలో మా వంటింటి సింగిల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో కాపురం పెట్టిన తమరికి ఈ ఇంటి కోడలు రాయునది. ఐసు ట్రే లాగితే రావడం మానేసింది. ట్రే అడుగున తమరు పునాదులు తీసి, పక్కన గోడలు కూడా లేపారు. చెరువులో ఇళ్లు కట్టేవాళ్లను చూశాం గానీ, ఇంట్లోకి చెరువును తెచ్చి గడ్డ కట్టించినవారిని తమరినే చూస్తున్నాం.

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. అసలే సముద్రం పక్క ఊరు, గాలి నిండా తేమ. మా అబ్బాయి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఏం తినాలా అని ఆలోచిస్తూ నిలబడతాడు. వాడి ఆలోచన తెగేలోగా తడిగాలి లోపలికి దూరి, చల్లటి రేకు తగలగానే మంచై అతుక్కుంటుంది. మూత లేకుండా పెట్టిన వేడి సాంబారు గిన్నె తన వంతు ఆవిరి తాను పంపుతుంది. మొదట నూగులా, ఆ తర్వాత గోడలా. ఎవరూ అడగకపోతే కబ్జాలన్నీ ఇలాగే పెరుగుతాయి కదండీ.

పైగా తమరికి మా అత్తయ్యగారి అండ ఒకటి. "మంచు ఎంత కడితే ఫ్రిజ్ అంత బాగా పనిచేస్తున్నట్టే" అంటారావిడ. నిజానికి తమరు అర సెంటీమీటరు దాటి మందమయ్యాక, రేకులోని చల్లదనాన్ని లోపలి సరుకు దాకా సరిగ్గా రానివ్వరు. కంప్రెసర్ పాపం గంటల తరబడి మూలుగుతుంది. ఆ మూలుగుడు కరెంటు బిల్లులో కనిపిస్తుంది గానీ, అందులో తమరి పేరు ఉండదు.

ఇక పులస సంగతి. పుస్తెలమ్మైనా తినాలన్న చేప. టెక్సాస్ నుంచి మా బావగారు సంక్రాంతికి వస్తారని, గోదావరి వరదనీటి రోజుల్లో కొన్న నాలుగు ముక్కల్ని తమరి దగ్గర దాచారు. దాచిన చోటు ఇప్పుడు తమరి గర్భంలో ఉంది. ఫ్రిజ్ తలుపు మీద నక్షత్రాలున్నాయి కదా అని ఇంటిల్లిపాదికీ ధీమా. ఆ నక్షత్రాలు కరెంటు పొదుపువి. చల్లదనానికి వేరే మంచు నక్షత్రాల లెక్క ఉంది: ఒకటుంటే మైనస్ 6 డిగ్రీలు, వారం రోజుల నిల్వ, మూడుంటే మైనస్ 18, మూడు నెలలు. మా అరకున్నది ఒకటే. పులసేమో నూనె చేప, గడ్డకట్టినా మెల్లగా ముక్కిపోతూనే ఉంటుంది. బావగారికి వడ్డించబోయేది చేపో, చేప జ్ఞాపకమో తమరే చెప్పాలి.

తమరిని ఖాళీ చేయించడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. ఒకసారి మావారు చాకు పట్టుకుని దిగారు. ఆ రేకులోనే గ్యాసు తిరిగే సన్నటి దారులుంటాయి, ఒక్క పోటు చాలు, ఫ్రిజ్ మొత్తం అటకెక్కుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, నిప్పు తగిలితే అంటుకునే రకం. చాకు లాక్కుని ఉల్లిపాయలు ఇచ్చాను. థర్మోస్టాట్ మధ్యలో ఒక బొత్తాం ఉంది. రాత్రి పడుకునే ముందు నొక్కితే కంప్రెసర్ ఆగుతుంది, తమరు కరుగుతారు, ఆ తర్వాత అదే మళ్లీ మొదలవుతుంది. కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ నొక్కలేదు, నొక్కితే పాడవుతుందేమోనని! కరెంటు కోతల కాలంలో ఈ బాధే లేదు. విద్యుత్ శాఖవారే ఉచితంగా డీఫ్రాస్ట్ చేసిపెట్టేవారు.

కనుక తమరికి నోటీసు. శనివారం రాత్రి బొత్తాం నొక్కబడును. ఆదివారం పొద్దుటికి కూడా మొండికేస్తే ప్లగ్గు పీకి, తలుపు తెరిచి, లోపల వేణ్ణీళ్ల గిన్నె పెట్టబడును. కరిగిన చేపను మళ్లీ గడ్డకట్టించే పనిలేదు. ముక్కిన వాసన రాకపోతే ఆదివారమే పులుసు. బావగారికి ఫోటో పంపుతాం.

నీళ్లయ్యి, గొట్టం గుండా ఫ్రిజ్ వెనక ట్రేలోకి జారుకుని అక్కడ సెటిలవుదామని తమరు అనుకోవచ్చు. కంప్రెసర్ వేడికి ఆవిరైనంత అవుతారు. మిగిలితే మాత్రం ఆ నిలవనీరు డెంగీ దోమకు పురిటిల్లు. శుక్రవారం డ్రై డే, నిలవనీళ్లు పారబోయండి అంటూ వచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారు మా గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగేది మంచినీళ్లు కాదండీ, ఆ ట్రేనే.

ఇట్లు,
పైఅర అసలు హక్కుదారు