మళ్లీ వేడిచేస్తే సరిపోదు

ఆహారం పాడైందో లేదో తేల్చడానికి అందరూ ముక్కునే నమ్ముకుంటారు. పుల్లటి వాసన, జిగట, మారిన రంగు కనిపిస్తే పారేస్తారు, లేకపోతే తినేస్తారు. కానీ ఆహారాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు, మనిషిని ఆసుపత్రి పాలు చేసేవి చాలావరకు వేర్వేరు. సాల్మొనెల్లా, లిస్టీరియా, నోరోవైరస్ చేరిన పదార్థం కమ్మగానే ఉండవచ్చు.

ముక్కు తర్వాత జనం నమ్మేది పొయ్యిని. మరోసారి మరిగిస్తే అన్నీ చస్తాయని ధీమా. బతికున్న బ్యాక్టీరియా విషయంలో అది చాలావరకు నిజమే. అవి అప్పటికే వదిలిన విషం సంగతి వేరు. చర్మం మీద, ముక్కులో సహజంగా ఉండే స్టఫైలోకాకస్ ఆరియస్ చేతుల ద్వారా ఆహారంలో చేరి తయారుచేసే విషం మరిగించినా నశించదు. బాసిల్లస్ సీరియస్ మరీ మొండిది. గట్టి పొరతో నిద్రాణంగా ఉండే దాని సిద్ధబీజాలు (స్పోర్లు) వంట వేడికి తట్టుకుంటాయి. పోటీకి వచ్చే ఇతర బ్యాక్టీరియా ఆ వేడికే చచ్చిపోతుంది కాబట్టి, చల్లారుతున్న అన్నం వాటికి అడ్డులేని పొలం. అక్కడ పుట్టే వాంతుల విషం 121 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా చెక్కుచెదరదు.

అసలు ప్రమాదం వంట ముగిశాకే మొదలవుతుందని నా వాదన. పెద్ద పాత్రలో వండిన మాంసం పైన చల్లారినా నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు 45 డిగ్రీల దరిదాపుల్లో పది నిమిషాల్లోనే రెండింతలయ్యే శక్తి ఉంది. ఆ లెక్కన ఒక్క కణం రెండు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారాన్ని ఎక్కువసేపు ఉంచవద్దనే నియమం ఇందుకే. లోతు తక్కువ పళ్లాల్లోకి మార్చి త్వరగా చల్లార్చడం చాలా చిన్న పని. శుభ్రతపై ఇన్ని ప్రచారాలు జరుగుతున్నా ఈ మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఫ్రిజ్ కూడా పూర్తి రక్షణ కాదు. లిస్టీరియా ఆ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది, గర్భిణులకు గర్భస్రావం తెచ్చిపెట్టవచ్చు.

జబ్బు చేయగానే చివరిసారి తిన్న భోజనాన్ని నిందించడం మరో అలవాటు. స్టఫైలోకాకస్ విషం కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. సాల్మొనెల్లాకు ఒకటి రెండు రోజులు, లిస్టీరియాకు ఒక్కోసారి వారాలు పడుతుంది. 2011లో జర్మనీలో ప్రమాదకరమైన ఈ. కోలై బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు అధికారులు మొదట స్పెయిన్ దోసకాయలను వేలెత్తి చూపారు. చివరికి కారణం మెంతి మొలకలని తేలింది. అప్పటికే దోసకాయ రైతులు తీవ్రంగా నష్టపోయారు. దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడగా, యాభై మందికి పైగా మరణించారు. గింజను మొలకెత్తించే తడి, వెచ్చదనమే బ్యాక్టీరియాకూ కావాలి, మొలకలను చాలామంది పచ్చిగానే తింటారు.

కలుషిత ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారని, 4.2 లక్షల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. వాంతులు, విరేచనాలకు ముఖ్య కారకాల్లో ఒకటైన నోరోవైరస్ ఆహారంలో పెరగదు. వండి వడ్డించే చేతుల మీదుగా వస్తుంది, అతి కొద్ది కణాలే చాలు. అందుకే లక్షణాలు తగ్గాక కూడా కనీసం 48 గంటలు వంటపనికి దూరంగా ఉండాలంటారు. ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారో చెప్పకుండా ఈ నియమం రాసి గోడకు అంటిస్తే, వంటమనిషి కడుపునొప్పి దాచుకుని పనికి వస్తాడు.